సంక్రాంతికి పడవలో కాకినాడ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, మేం ముగ్గురం స్నేహితులం. నెల్లూరులో ఉద్యోగాలు. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాం. తర్వాత చెన్నైలో తెలిసినవాళ్ల పడవ మీద ఐదారు సార్లు సముద్రంలోకి వెళ్లొచ్చాం. ఈమధ్య చెన్నైలోనే 28 అడుగుల సెకండ్ హ్యాండ్ పడవ ఒకటి కొన్నాం. డిసెంబరు 27న అక్కడ బయల్దేరి, కృష్ణపట్నంలో ఒక రాత్రి ఆగి, నేరుగా కాకినాడ పోవాలని ప్లాన్. మాలో ఒకరి అక్కగారిది కాకినాడే. సంక్రాంతి వాళ్లింట్లో చేసుకుని, పడవ అక్కడ ఉంచి, బస్సులో వచ్చేస్తాం. సెలవులు పెట్టేశాం. వాతావరణం యాప్‌లు రోజూ చూస్తున్నాం కానీ ఒకదానికొకటి పొంతన లేదు. ఇంత అయోమయంలో ప్లాన్ ఎట్లా వేసుకోవాలి?
– ముగ్గురు మిత్రులు, నెల్లూరు

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు పెన్ను తీసుకుని ఒక్క మాట కింద గీత గీశాను. 'సెలవులు పెట్టేశాం.' నాకు టెన్షన్ పుట్టించింది ఆ మాటే. యాప్‌ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

పన్నెండేళ్ల కిందట ఇదే చెన్నై నుంచి ఇదే కృష్ణపట్నానికి, ఇదే డిసెంబరులో నేనూ వచ్చాను. మాది మైపాడు. కోస్తా ఓడల్లో డెక్కు మీద 22 ఏళ్లు పనిచేసి దిగినవాణ్ని కాబట్టి సముద్రం నాకు తెలుసన్న ధీమా ఉండేది. పడవ నా స్నేహితుడిది, 32 అడుగులది. మూడో రోజు ఇందుకూరుపేటలో మా మేనకోడలి నిశ్చితార్థం. తాంబూలాల టైముకు మేనమామ ఉండాలి కదా. ఫోర్‌కాస్టు ఈశాన్యపు గాలి 12 నుంచి 15 నాట్లు అంది (ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, దాదాపు 1.85 కిలోమీటర్ల వేగం). చెన్నై నుంచి కృష్ణపట్నం 70 నాటికల్ మైళ్లు. గంటకు ఐదు మైళ్ల లెక్కన పద్నాలుగు గంటలు. మధ్యాహ్నం ఒంటిగంటకు బయల్దేరాం, తెల్లారేసరికి పోర్టు బయట ఉంటామనుకున్నాం.

రాత్రి పదికి శ్రీహరికోట ఎదురుగా ఉండగా గాలి ఉత్తరానికి తిరిగింది. అంటే సరిగ్గా ముక్కు మీదికి. తెరచాప పడవ ఎదురుగాలికి నేరుగా పోలేదు, మీకు తెలిసిందే. అటు 45 డిగ్రీలు, ఇటు 45 డిగ్రీలు వంకర్లు తిరుగుతూ పోవాలి. ఒంటిగంట ప్రాంతంలో ఎడమ చేతి ముందు వైపు, దుగరాజపట్నం దగ్గరుండే ఆర్మగాన్ లైట్‌హౌస్ వెలుగు కనబడింది. హమ్మయ్య అనుకున్నాం. మూడున్నరకు టీ తాగి గ్లాసు కింద పెడుతూ చూశాను. ఆ వెలుగు అక్కడే ఉంది. దిక్సూచి పెట్టి చూస్తే రెండు డిగ్రీలు కూడా కదల్లేదు. మీటరేమో నీళ్లలో నాలుగున్నర నాట్లు పోతున్నామని చూపిస్తోంది. పడవ నీళ్లను కోసుకుంటూ పోతూనే ఉంది, ఆ నీళ్లే మమ్మల్ని మోసుకుని దక్షిణానికి పోతున్నాయి. రెండో రీఫ్ వేద్దామని, అంటే తెరచాపను ఇంకాస్త మడిచి చిన్నది చేద్దామని దింపబోతే తాడు బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డకొయ్య) చివర ఇరుక్కుంది. చీకట్లో గుంజితే నా కుడి అరచేతి తోలు లేచిపోయింది. కృష్ణపట్నం చేరేసరికి బయల్దేరి 33 గంటలు. నిశ్చితార్థం అయిపోయింది. అదొక బాధ. అంతకంటే పెద్ద బాధ ఇంకోటుంది. పదింటప్పుడే 'వెనక్కి తిరుగుదాం, గాలి వెనక నుంచి ఉంటుంది, మూడున్నర నాలుగు గంటల్లో ఎన్నూరు దగ్గర ఉంటాం' అన్నాడు నా స్నేహితుడు. వద్దన్నది నేను. అప్పటికి నా బుర్రలో గాలి లేదు, నీళ్లు లేవు, తాంబూలం పళ్లెం ఒక్కటే ఉంది.

అందుకే మీ ప్లాన్‌లో ముందు మార్చాల్సింది తేదీ. రోజును కాస్త అటూ ఇటూ జరిపితే సరిపోదు, నెలే మార్చాలి.

మన తీరం వెంట పెద్ద నీటి ప్రవాహం ఒకటి ఉంది. ఏడాదిలో రెండుసార్లు దిశ మార్చుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది, ఫిబ్రవరి నుంచి మే దాకా దక్షిణం నుంచి ఉత్తరానికి. ఉద్ధృతంగా ఉన్నచోట రెండు నాట్లు కూడా దాటుతుంది. మా నాయనకు ఈ లెక్కలు తెలియవు. వల వేసి, తాడు గుంజకుండా కాసేపు అరచేతిలో వదులుగా పట్టుకుని కూర్చునేవాడు. తాడు ఎటు వాలితే నీరు అటు. 'నీరు దచ్చినానికి పోతాండాది రా అబ్బయా, ఈపొద్దు పైకి పోబాకండి' అనేవాడు. పైకి అంటే ఉత్తరానికి.

మీ పడవకు ఈ లెక్క వేసి చూడండి. డిసెంబరులో ఉత్తరపు గాలి తగిలితే ఐదు నాట్లతో వంకర్లు కొడుతూ పోయినా ముందుకు దక్కేది మూడున్నరే. అందులో నీరు ఒకటిన్నర లాగేస్తే మిగిలేది రెండు. 70 మైళ్లకు 35 గంటలు. నాకు పట్టింది దాదాపు అంతే. అదే మార్చిలో ఆగ్నేయపు గాలి పక్క నుంచి, నీరు వెనక నుంచి ఉంటే ఐదు కాస్తా ఆరవుతుంది. పన్నెండు గంటల్లోపే చేరతారు. అదే పడవ, అదే మనుషులు. కృష్ణపట్నం నుంచి కాకినాడ ఇంకో 210 మైళ్లుంది. డిసెంబరు లెక్కన అది నాలుగు రోజులు దాటుతుంది. ఇద్దరు నిద్రపోతే ఒకరు చుక్కాని పట్టే పడవలో నాలుగు రాత్రులు! మూడో రాత్రికి ఎవరూ సరైన నిర్ణయం తీసుకోలేరు.

కాబట్టి ఫిబ్రవరి నెలాఖరు నుంచి ఏప్రిల్ మొదటి వారం లోపు పెట్టుకోండి. అక్కగారింటికి ఉగాదికి వెళ్లొచ్చు. ఉగాది అన్నానని మళ్లీ ఆ తేదీనే పట్టుకుని కూర్చోకండి. సెలవులు ఒక్కసారి పెట్టకుండా, 'గాలి బాగున్నప్పుడు నాలుగు రోజులు' అని ఆఫీసులో ముందే మాట్లాడుకోండి. పడవ చెన్నై నుంచి కృష్ణపట్నానికి ఒక వారాంతంలో, అక్కణ్నుంచి కాకినాడకు ఇంకో వారంలో రావచ్చు. మధ్యలో మీరు ఇంటికి పోయి నిద్రపోవచ్చు. ఇన్ని రోజులు పడవ కృష్ణపట్నంలో ఎక్కడ కట్టాలో మాత్రం ముందే మాట్లాడుకోవాలి. అది సరుకు ఓడల పోర్టు. చెప్పకుండా లోపలికి పోయి లంగరేస్తామంటే కుదరదు. ఉత్తరం రాసి పర్మిషన్ తీసుకోండి, వచ్చే రోజున వీహెచ్ఎఫ్ రేడియోలో పోర్టు కంట్రోల్‌ని పిలవండి.

ఇక దారి. మన తీరం గురించి బయటివాళ్లకు తెలియనిది ఒకటుంది. మ్యాపులో చూస్తే పులికాట్ ముఖద్వారం, పెన్న మొగ (నది సముద్రంలో కలిసేచోటు), గుండ్లకమ్మ మొగ, ఇన్ని దారులున్నాయి కదా, గాలి ఎక్కువైతే ఏదో ఒకదాంట్లో దూరదాం అనిపిస్తుంది. ఆ ఆలోచన పెట్టుకోవద్దు. మొగలన్నీ ఇసుకతో పూడుతూ ఉంటాయి, దారి ఏటేటా మారుతుంది. అడుగున ఐదారడుగుల కీల్ (నీళ్లలోకి దిగి ఉండే బరువైన రెక్క) ఉన్న మీ పడవకు మామూలు రోజున కూడా అవి నమ్మకం లేనివి. అలలు లేచిన రోజున మొగ మీదే అల విరుగుతుంది. ఊళ్లో ఫైబర్ బోట్లవాళ్లు అల వెనకాలే వచ్చి ఇసుక మీదికి ఎక్కించేస్తారు. మీ పడవకు ఆ సౌకర్యం లేదు. కాబట్టి మీకు నిజంగా తలుపులున్న ఇళ్లు చాలా తక్కువ: చెన్నై, ఎన్నూరు–కాట్టుపల్లి, కృష్ణపట్నం. పైన జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బర్ కట్టారు. మీ పడవ అడుగుకు అందులో లోతు చాలుతుందో లేదో ఒకరోజు కారులో పోయి అక్కడి సరంగుల్ని అడిగి రండి, కావలి నుంచి ఎంతో దూరం లేదు. అది దాటాక కొత్తపట్నం ఎదురుగా మీకు దూరే చోటు లేదు. నిజాంపట్నం, మచిలీపట్నం దారులు ఏటిలోంచి పోయేవి. స్థానికుల్ని వెంట పెట్టుకోకుండా రాత్రి పూట వాటి జోలికి పోవద్దు.

తలుపులు ఇంత తక్కువగా ఉన్నప్పుడు ప్లాన్‌ను వెనక నుంచి ముందుకు వేయాలి. 'ఎక్కడిదాకా పోతే వెనక్కి రాలేం?' అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. చెన్నై–కృష్ణపట్నం దారిలో ఆ చోటు శ్రీహరికోట ఎదురుగా ఉంటుంది. అది దాటాక దుగరాజపట్నం ముందు సముద్రంలో మునిగి ఉన్న ఆర్మగాన్ ఇసుక తిన్నె వస్తుంది. పెద్ద అలలున్నప్పుడు దానికి బాగా బయటగా పోవాలి. (ఇంగ్లిష్ కంపెనీవాళ్లు 1626లో దుగరాజపట్నంలోనే వర్తక కోఠీ పెట్టుకున్నారు. ఇప్పుడా ఊరు చూస్తే ఎవరూ నమ్మరు.) అందుకని శ్రీహరికోట ఎదురుగా ఆగి, మీలో మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి. అనుకున్న టైముకు గంటన్నర కంటే ఎక్కువ వెనకబడ్డామా? గాలి ఫోర్‌కాస్టులో చెప్పిన దిక్కు నుంచే వస్తోందా? ముగ్గురిలో ఎవరికైనా వాంతులు ఆగకుండా ఉన్నాయా? వెనకబడినా, గాలి దిక్కు తప్పినా, ఎవరికైనా వాంతులు ఆగకపోయినా వెనక్కి తిరగండి. ఈ ప్రశ్నలు ఒడ్డునే కాగితం మీద రాసి, జవాబు ఎట్లా ఉంటే తిరగాలో కూడా రాసి, ముగ్గురూ సంతకం పెట్టండి. ఒక్కరు తిరుగుదామన్నా తిరగాలి, ఓట్లు వేసుకోవద్దు. నేను ఆ రాత్రి నా స్నేహితుడి మాట కొట్టేసింది ఎక్కువ తెలిసినవాణ్నన్న పెద్దరికంతోనే.

కృష్ణపట్నం–కాకినాడ ఇంకో రకం. కృష్ణా డెల్టా సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది, ఆ తర్వాత గోదావరి డెల్టా. తీరం పట్టుకుని పోతే దూరం పెరుగుతుంది, లోతు తగ్గుతుంది, వలలు ఎక్కువ. దివిసీమకు బాగా బయటగా ఒకే గీతలో పోయి, కోనసీమ ఎదుట చమురు ప్లాట్‌ఫారాల్ని తప్పించుకుంటూ కాకినాడ పట్టాలి. ప్లాట్‌ఫారం చుట్టూ 500 మీటర్లలోకి పోకూడదన్నది రూలు. మీరు రెండు మైళ్లు వదలండి. రెండు రాత్రులు పడుతుంది. బయల్దేరే పొద్దున రానున్న మూడు రోజుల ఫోర్‌కాస్టు మంచిగా ఉండాలి, నాలుగో రోజుది మరీ చెడ్డగా ఉండకూడదు. గాలి పదిహేను నాట్లు దాటదని అంటేనే కదలండి. పది నాట్ల గాలి ఇరవై అయితే తెరచాప మీద బలం రెట్టింపు కాదు, నాలుగింతలు. మొదటి రీఫ్ అవసరం అనిపించినప్పుడే వేసేయండి. దాన్ని ఒడ్డున, పగలు, పదిసార్లు వేసి దింపి చూడండి. నా అరచేయి సాక్షిగా చెబుతున్నాను, ఆ తాడు ఎక్కడ ఇరుక్కుంటుందో ముందే తెలుస్తుంది.

గాలి లేకపోవడమూ వాతావరణమే. మార్చిలో తెల్లవారుజామున భూమి మీద నుంచి సన్నటి పడమటి గాలి వస్తుంది, తొమ్మిదికల్లా చచ్చిపోతుంది, మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి ఆగ్నేయం నుంచి లేస్తుంది. మధ్యలో ఆ రెండు మూడు గంటలు తెరచాప గుడ్డలా వేలాడుతుంది. ఇరవై నాలుగు గంటలు ఇంజిన్ నడిచేంత డీజిల్ పెట్టుకోండి. సముద్రపు గాలి లేచాక మాత్రం ఆలస్యం చేయొద్దు. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలని మన పెద్దలు కళ్లం దగ్గర అన్నమాట పడవకీ సరిపోతుంది.

ఇంకో రెండు సంగతులు. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజున ఆ ఎదుటి సముద్రంలోకి ఎవరినీ రానివ్వరు. నోటీసు ముందే వస్తుంది, ప్రయోగం వాయిదా పడితే నిషేధమూ జరుగుతుంది. కదిలే ముందు అది చూసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి సముద్రంలో వలలు, దీపాల్లేని బోట్లు తక్కువగా ఉంటాయి, అప్పుడు పోతే హాయి అని కొందరంటారు. మే నెల తుపాన్ల నెల కూడా. 2010లో లైలా మే 20న బాపట్ల దగ్గర తీరం దాటింది. అందుకే ఏప్రిల్ మొదటి వారం అని గీత గీశాను.

ఒడ్డున ఒక మనిషిని పెట్టండి. అక్కగారే కావచ్చు. ఏ పూట ఎక్కడుంటారో రాసిన కాగితం ఆమె దగ్గర ఉండాలి. తీరానికి దూరమైతే సెల్ సిగ్నల్ ఉండదు కాబట్టి 'ఫోన్ రాలేదు' అని ఆమె కంగారు పడకూడదు, అలాగని మరీ నిశ్చింతగానూ ఉండకూడదు. 'ఫలానా రోజు సాయంత్రం ఆరు దాటినా మా మాట వినకపోతే కోస్ట్ గార్డ్ 1554కి ఫోన్ చేయి' అని గంట కూడా రాసివ్వండి. పడవలో వీహెచ్ఎఫ్ 16వ ఛానల్ ఎప్పుడూ తెరిచి ఉండాలి.

ప్రశ్న: అన్నా, మా ఆయన ఫైబర్ బోటు మీద వేటకు పోతాడు. తుపాను వచ్చినప్పుడు టీవీలో కృష్ణపట్నం పోర్టులో ఐదో నంబరు, మచిలీపట్నంలో ఆరో నంబరు అంటారు. ఐదు కంటే ఆరు, ఆరు కంటే ఏడు ఎక్కువ ప్రమాదం అని ఆయన లెక్క. ఐదే కదా అని బోటు ఒడ్డున ఉంచి పైకి కూడా లాగడు. ఆ నంబర్ల అర్థం ఏంది?
– ఒక సోదరి, కొత్తపట్నం

జవాబు: చెల్లెమ్మా, మంచి ప్రశ్న అడిగారు. ఈ పొరపాటు చదువుకున్నవాళ్లలోనూ ఉంది. పోర్టు నంబర్లు అన్నిచోట్లా ఒకటి కంటే రెండు ఎక్కువ అన్న లెక్కలో ఉండవు.

ఒకటి, రెండు దూరపు సంగతులు. ఎక్కడో సముద్రంలో వాయుగుండం పుట్టిందని ఒకటి, తుపాను అయిందని రెండు. మూడు, నాలుగు మన పోర్టుకు సంబంధించినవి. మూడంటే ఈదురు గాలులు రావచ్చు, నాలుగంటే తుపాను ముప్పు ఉంది గానీ గట్టి ఏర్పాట్లు చేసేంత దగ్గరికి ఇంకా రాలేదు.

ఐదు, ఆరు, ఏడు మూడూ ప్రమాద హెచ్చరికలే. ఈ మూడింటికీ తేడా బలంలో లేదు, దిక్కులో ఉంది. తుపాను వెనక నిలబడి అది పోయే వైపు చూస్తున్నామనుకోండి. పోర్టు దాని ఎడమ చేతి వైపు వస్తే ఐదు. కుడి చేతి వైపు వస్తే ఆరు. పోర్టు మీదుగానో దాని పక్కనుంచో పోతే ఏడు. ఎనిమిది, తొమ్మిది, పది కూడా ఇదే వరసలో ఎడమ, కుడి, మీద. అవి తీవ్ర తుపానుకు. పదకొండంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

మన వైపు తుపాన్లు ఎక్కువగా తూర్పు నుంచి పడమరకు వస్తాయి. అప్పుడు ఎడమ అంటే దక్షిణం, కుడి అంటే ఉత్తరం. ఉత్తరాన ఉన్న ఊళ్లకు గాలి సముద్రం మీద నుంచి ఊళ్లోకి కొడుతుంది, ఉప్పెన అటే లేస్తుంది. దక్షిణాన ఉన్న ఊళ్లకు గాలి ఒడ్డు మీద నుంచి సముద్రంలోకి పోతుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను సంగతి మా నాయన చెప్పేవాడు. మైపాడు దానికి దక్షిణం, మాకు పడమటి గాలి. కట్టేసిన తెప్పల్ని అది సముద్రంలోకి ఈడ్చుకుపోయిందట. కొత్తపట్నం ఆ తుపానుకు ఉత్తరాన ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే అడగండి, గాలి ఎటు నుంచి కొట్టిందో వాళ్లకు ఇప్పటికీ గుర్తుంటుంది.

కాబట్టి ఐదో నంబరు అంటే బోటు సముద్రంలోకి కొట్టుకుపోయే గాలి అని ఆయనకు చెప్పండి. ఆరో నంబరు అంటే నీళ్లు ఊళ్లోకి రావచ్చు. రెండింటికీ బోటు పైకి లాగాల్సిందే, ఇంజిన్ విప్పి ఇంటికి తేవాల్సిందే. ఇంకోటి: కృష్ణపట్నం, మచిలీపట్నం నంబర్లు ఆ పోర్టులవి. కొత్తపట్నం రెంటికీ మధ్యలో ఉంది. రెండు నంబర్లూ వినండి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఒక యాప్‌లో అమెరికా మోడల్ (కంప్యూటర్ వేసే వాతావరణ అంచనా) తుపాను చెన్నైకి అంటుంది, యూరప్ మోడల్ ఒంగోలుకి అంటుంది. ఏది నమ్మాలి?
– కావలి

జవాబు: రెండూ వేర్వేరు ఊళ్లు చెబుతున్నాయంటే, ఇంకా ఎవరికీ తెలియదని అవే చెబుతున్నాయన్నమాట. ఆ పూటకు అదే మనకు దొరికిన సమాచారం. బాబూ, నేను చేసే పని ఇది: ఏ మోడల్ కరెక్టో వెతకను. ఒకే మోడల్ నిన్న ఏం చెప్పింది, ఈరోజు ఏం చెబుతోంది అని పుస్తకంలో రాసుకుంటాను. మూడు రోజులు వరసగా రెండు మోడళ్లూ దగ్గర దగ్గరగా వస్తే నమ్మకం పెరుగుతుంది. రోజుకో ఊరు మారుస్తుంటే పడవ కట్టేసి ఉంచుతాను.

వాతావరణ శాఖ చెప్పింది మారిన సందర్భాలూ, మారకున్నా పడవకు చాలని సందర్భాలూ మనకు తెలుసు. 2013 నవంబరులో లెహర్ అతి తీవ్ర తుపానుగా బంగాళాఖాతం దాటి వచ్చి, మచిలీపట్నం చేరేలోపే వాయుగుండంగా నీరసించింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ నెల్లూరు, మచిలీపట్నం మధ్య దాటుతుందని చెప్పారు, 5వ తేదీన బాపట్లకు దక్షిణంగా దాటింది, అంటే చెప్పినట్టే జరిగింది. అయితే దాటేముందు అది మన తీరాన్ని పట్టుకుని పైకి పాకుతూ పోయింది. 'నెల్లూరు, మచిలీపట్నం మధ్య' అన్నమాట ఊళ్లో ఉన్నవాడికి ఒక రకం, పడవలో ఉన్నవాడికి ఇంకో రకం. ఆ 'మధ్య' అంతా పడవ పోయే దారే.

ఓడలవాళ్లు పాటించే లెక్క ఒకటుంది, ఒకటి-రెండు-మూడు అంటారు. 34 నాట్ల గాలి ఎంత దూరం వ్యాపించి ఉంటుందని ఫోర్‌కాస్టు చెబుతుందో, దానికి రేపటికైతే 100 నాటికల్ మైళ్లు, ఎల్లుండికి 200, ఆ తర్వాతి రోజుకు 300 కలిపి ఆ వలయంలోకి పోకూడదు. ఫోర్‌కాస్టు తప్పే అవకాశాన్ని అట్లా దూరంగా మార్చి పెట్టారు. పైన మిత్రుల కృష్ణపట్నం–కాకినాడ దారి 210 మైళ్లే. అంటే మూడు రోజుల్లో తుపాను మన తీరంలో ఎక్కడికి వచ్చినా వాళ్ల దారి మొత్తం ఆ వలయంలో పడుతుంది. నడుమలో ఏదో సందు దొరుకుతుందని వెతకాల్సిన పని లేదు.

యాప్ చూసినా, చివరి మాట వాతావరణ శాఖ బులెటిన్‌దీ, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌వాళ్ల అలల హెచ్చరికదీ. యాప్ గాలి చూపిస్తుంది. ఎక్కడో దక్షిణ సముద్రంలో పుట్టి గాలి లేని రోజున మన ఒడ్డుకొచ్చే పొడవాటి అలల గురించి ఇన్‌కాయిస్‌ చెబుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. తెరచాప పడవ నేర్చుకుంటానంటోంది. ఆడపిల్లకు సముద్రం ఏమిటని ఇంట్లో గొడవ. మీ మాట చెప్పండి.
– ఒక తల్లి, గూడూరు

జవాబు: నేర్పించండమ్మా. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి 2018 మేలో తిరిగొచ్చిన నౌకాదళం పడవ తారిణిలో ఆరుగురూ ఆడవాళ్లే. ప్రపంచం చుట్టి వచ్చారు. అందులో స్వాతి గారు విశాఖ అమ్మాయి, ఐశ్వర్య గారు హైదరాబాద్ అమ్మాయి. నాకు వాళ్లలో బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఇంటికి దగ్గరపడ్డాక స్టీరింగ్‌లో ఇబ్బంది వస్తే, అనుకోని చోట మారిషస్‌లో ఆగి బాగు చేసుకుని వచ్చారు. గోవాలో స్వాగతం ఏర్పాట్లు ఎదురుచూస్తున్నా ఆగారు. మీ అమ్మాయికి ముందు ఈత, తర్వాత చెరువు లాంటి నిలకడ నీళ్లలో చిన్న పడవ, ఆ తర్వాతే సముద్రం. లైఫ్ జాకెట్ మీరే కొనివ్వండి, సైజు సరిచూసి.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్‌ని. పాత బారోమీటర్ ఒకటి మా అల్లుడు తెచ్చిచ్చాడు. రోజూ సాయంత్రం నాలుగింటికి పడిపోతుంటే తుపానేమోనని భయంగా ఉంటోంది.
– సింగరాయకొండ

జవాబు: మాస్టారూ, భయపడకండి. మన ప్రాంతంలో గాలి పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. పొద్దున పదికి, రాత్రి పదికి ఎక్కువ. తెల్లవారుజాము నాలుగుకు, సాయంత్రం నాలుగుకు తక్కువ. మీరు సరిగ్గా తక్కువగా ఉండే గంటకే చూస్తున్నారు. పదింటి రీడింగును నాలుగింటి రీడింగుతో పోల్చవద్దు. ఈరోజు నాలుగును నిన్నటి నాలుగుతో పోల్చండి. ఒక నోటు పుస్తకంలో తేదీ, గంట, అంకె, గాలి దిక్కు, నాలుగు గళ్లు గీసుకోండి. నెల తిరిగేసరికి మీ ఇంటి మామూలు అంకె మీకు తెలుస్తుంది. ఆ మామూలు కంటే మూడు మిల్లీబార్లు తగ్గితే రేడియో పెట్టుకోండి. ఐదు తగ్గితే తుపాను దగ్గర్లో ఉన్నట్టే లెక్క.

దిక్కు కూడా మీరే చూసుకోవచ్చు. గాలికి వీపు పెట్టి నిలబడితే పీడనం తక్కువగా ఉన్నవైపు మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. మిద్దె మీదికెక్కి చూడండి, ఇంటి గోడల మధ్య గాలి తిరిగిపోయి తప్పు చెబుతుంది. ఆ పుస్తకం నవంబరు దాకా రాసి, ఒక కాపీ నాకు పంపండి. పాకల ఒడ్డున వేటకు పోయే మీ పాత విద్యార్థులు ఎవరైనా ఉంటే వాళ్లకూ ఒకటి ఇవ్వండి.